దొరసాని గొంతు

జూన్ 4

మావయ్యకి పిడుగు నమస్కారాలు.

నువ్వూ అత్తయ్యా క్షేమమేనని అత్తయ్య నోటివెంట విన్నాను. నీ నోటివెంట వినే భాగ్యం నాకెలాగూ లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడే ఎత్తుతుంది. "ఏదైనా ఉంటే ఉత్తరం రాయమంటున్నాడే మీ మావయ్య" అంటుంది. వెనక హాస్టల్ పిల్లల గోల, గిన్నెల మోత. అందులోనే "ఉంటానమ్మా" అని పెట్టేస్తుంది. నామీద నీకేదో కోపం ఉందని అమ్మ అనుమానం. కోపమైతే తిట్టు. తిట్లు తినడం నాకు కొత్తేమీ కాదు.

అసలు సంగతికొస్తాను. దొరసానికి ఒంట్లో బాగాలేదు.

ఆగినప్పుడల్లా వణుకుతోంది. సిగ్నల్ దగ్గర నిలబడితే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. ఒక్కోసారి నిలబడ్డ చోటే ఆగిపోతుంది. తాళం తిప్పితే కాస్త బతిమాలించుకుని లేస్తుంది. కదిలేటప్పుడు వెనకంతా నల్లటి పొగ. మొన్న ఒకాయన స్కూటరు నా కిటికీ పక్కన ఆపి, "ఏమ్మా, వంట కూడా లోపలేనా?" అని అడిగి మరీ వెళ్ళాడు. ఎత్తు ఎక్కాలంటే బలం చాలదు. వింతేమిటంటే, ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుంటే ఏ జబ్బూ లేనట్టే పోతుంది. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మొకటి పసుపురంగులో వెలిగింది, ఇక ఆరటం లేదు.

రోజంతా ఇళ్ళకి తిరిగే నర్సుని. ఒక సందులో కట్టు మార్చాలి, ఇంకో సందులో సూది వెయ్యాలి. కారు లేకపోతే నాకు కాళ్ళు లేనట్టే. అమ్మ మాత్రం "దానికి ఊపిరి ఉండగానే ఎవరికైనా ఇచ్చేయవే" అని రోజూ ఒకటే పాట.

ఇంజను శబ్దమంటే చెవి కోసుకునే మనిషివి నువ్వు. నీ రిపేరు షెడ్డులో పాత టైరు మీద కూర్చుని నేను లెక్కలు చేసుకుంటుంటే, సందు మలుపులో ఏ బండి వస్తోందో తలెత్తకుండా చెప్పేవాడివి. "డాక్టరుగారిది. ఫ్యాను బెల్టు వదులైంది" అనేవాడివి. చూస్తే డాక్టరుగారే దిగేవారు. నువ్వు మాంత్రికుడివని క్లాసులో అందరికీ చెప్పాను.

అందుకే దొరసాని శబ్దం ఫోనులో రికార్డు చేసి అత్తయ్య ఫోనుకి పంపాను. ఒక్కసారి విని, జబ్బేమిటో చెప్పు. నీ మాట వచ్చేదాకా నేను దాని బానెట్ కూడా ఎత్తను.

ఎదురుచూస్తూ,
నీ మేనకోడలు


జూన్ 12

చిరంజీవి పిడుగుకి మావయ్య దీవించి రాసేది.

నీమీద నాకు కోపమేమిటే, మతిపోయిందా? ఫోనంటే నాకు మొదట్నుంచీ పడదు. ముఖం కనపడనివాళ్ళతో మాట్లాడటం నావల్ల కాదు.

ఇక్కడ మీ అత్తయ్య హాస్టల్ వంటశాలకి పెద్ద. నేను పెద్దగారి భర్తని. క్వార్టర్సంటే రెండు గదులు, ముందు సన్నటి వరండా. వంటశాల పొగగొట్టం మా కిటికీకి సరిగ్గా ఎదురు. పొద్దున్నే దాని పొగ రంగు చూసి, "ఇవాళ మీ పొయ్యికి గాలి చాలటం లేదు" అన్నాను ఒకసారి. "మీ మెకానిజం నా వంటింట్లో వద్దు" అంది. అప్పట్నుంచీ చూస్తున్నాను గానీ చెప్పటం మానేశాను.

దొరసాని శబ్దం విన్నాను. ఇంజెక్టర్లు. ఒకటి డీజిల్ సరిగ్గా చిమ్మటం లేదు. నాలుగూ తీయించి పరీక్ష చేయించు.

దాని పేరెత్తితే పాత రోజులన్నీ వచ్చి మీద పడుతున్నాయి. అది మన షెడ్డుకి వచ్చినప్పుడు దానికి ముఖమే లేదు, గుర్తుందా? ఎవరో గోడకి కొట్టి, ఇక పనికిరాదని వదిలేసిన బండి. రేడియేటర్ నలిగిపోయి, దీపాలు వేలాడుతూ. దాన్ని మళ్ళీ మనిషిని చెయ్యటానికి నాకో వానాకాలం పట్టింది. రేకుల మీద వాన పడుతుంటే, కింద నేను, పైన నువ్వు టార్చి పట్టుకుని. "ఇటు కాదే, అటు" అంటే నా కళ్ళలోకి కొట్టేదానివి. అక్కయ్య తన మిషను మీద సీట్లకి కవర్లు కుట్టింది. మిగిలిన గుడ్డతో నీకు సంచీ కూడా కుట్టింది. రంగు వేసి బయటికి తెచ్చిన రోజు వీధంతా వచ్చి చూసింది. మెల్లగా, ఎవరినీ లెక్కచెయ్యనట్టు కదిలి వెళ్ళింది. "దొరసానిలా పోతోందిరా" అన్నది అక్కయ్యే. పేరు పెట్టిన నోటితోనే ఇప్పుడు వదిలించుకోమంటోందా?

ఆ పాటలో నీ గొంతు కూడా కలిసిందేమో నాకు తెలియదు. అమ్మేయాలని ఉంటే తిరుగుడు మాటలెందుకు, నేరుగా రాయి. ఇచ్చేసిన వస్తువు మీద నాకేం హక్కుంది?

ఇట్లు,
మేడంగారి సార్ అని ఇక్కడ పిలవబడుతున్న మీ మావయ్య


జూన్ 23

మావయ్యకి,

ఈసారి నమస్కారం పెట్టబుద్ధి కావటం లేదు. అయినా పెడుతున్నాను.

ముందు బండి సంగతి. వంతెన అవతల కొత్త వర్క్‌షాపుంది. అక్కడ కళ్ళద్దాల మెకానిక్ ఒకాయన. నెమ్మదస్తుడు. నువ్వు చెప్పావని ఇంజెక్టర్లు తీయించాను. ఆయన నాలుగింటినీ పరీక్ష పెట్టి, "ఇవి శుభ్రంగా ఉన్నాయండీ, ఎవరు చెప్పారు?" అన్నాడు. మా మావయ్య అన్నాను. తరవాత స్కానరు తగిలించి, ఈజీఆర్ వాల్వు మీద తప్పు చూపిస్తోందన్నాడు. "ఆ వాల్వు దారికి అడ్డంగా చిన్న ప్లేటు వేసి మూసేద్దాం, సాయంత్రానికల్లా తీసుకెళ్ళొచ్చు" అన్నాడు. నిన్నడిగి చెప్తానని తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఫోనులో పాతవన్నీ చెరిపేస్తూ, నీకు పంపిన రికార్డింగు తెరిచాను. అది దొరసాని కాదు. అమ్మ కుట్టుమిషను. రిపేరువాడికి వినిపించాలి, రికార్డు చెయ్యమని అమ్మ ఆ రోజే అడిగింది. రెండూ ఒకేసారి చేశాను, పొరపాటున అది నీకు వచ్చింది. మధ్యలో అమ్మ గొంతు కూడా ఉంది. "మళ్ళీ దారం తెగింది, దీని మొహం మండ" అని ఎంత స్పష్టంగా వినిపిస్తోందో!

అది విని నువ్వు ఇంజెక్టర్లన్నావు.

నువ్వు విననే లేదు కదూ? అత్తయ్య ఫోనిస్తే అటూ ఇటూ తిప్పి, నోటికొచ్చిన జబ్బు పేరు రాసేశావు. ఒకప్పుడు వీధిలో పోయే ప్రతి బండినీ ఆపి, "నీ క్లచ్ ప్లేటు చూసుకో" అని చెప్పి పంపేవాడివి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చూపించిన శ్రద్ధ నాకు దక్కలేదు. పైగా అమ్మేయాలని ఉంటే చెప్పమంటావా? నేనా, దొరసానినా?

అమ్మకిదంతా చెప్పలేదు. చెప్తే నీకూ నాకూ ఇద్దరికీ పడతాయి.

పిడుగు


జూన్ 30

చిరంజీవి పిడుగుకి,

ఉత్తరం అందింది.

కుట్టుమిషనుకి ఇంజెక్టర్లుండవని నాకూ తెలుసు. ఏదో ధ్యాసలో రాశాను. ఆ కళ్ళద్దాలాయన తెలిసినవాడిలాగే ఉన్నాడు. ఆయన చెప్పినట్టు చెయ్యి. లేదా అక్కయ్య చెప్పినట్టు చెయ్యి. నన్ను అడగటం దేనికి?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ అత్తయ్యకి మోకాలు నొప్పి.

మావయ్య


జూలై 9

మావయ్యకి,

నీ ఉత్తరం చదివి వారం రోజులు మూతి ముడుచుకునే ఉన్నాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. సోమవారం ఏం జరిగిందో చెప్తాను, విను.

నేను చూసే రోగుల్లో రిటైరైన స్టేషను మాస్టరుగారొకరున్నారు. ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. ఆయన వెనక సీట్లో. పెద్ద కూడలి మధ్యలోకి వచ్చేసరికి దొరసాని ఒక్కసారి వణికి ఆగిపోయింది. తాళం తిప్పితే లేవదు. నాలుగు వైపులా హారన్లు. లారీవాడైతే నా వీపు మీద ఎక్కినట్టే మోగించాడు. వెనక్కి తిరిగి, "కంగారు పడకండి మాస్టారూ" అన్నాను. ఆయన కిటికీలోంచి బొమ్మల దుకాణం చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నారు. అంత గోలలో, పార్కులో కూర్చున్నట్టు.

ఎలాగో లేచింది, ఇల్లు చేర్చాను. మెట్ల మీద ఆయన భార్య నన్ను ఆపింది. "ఆయనకి వినపడదమ్మా. ఎవరికీ చెప్పనివ్వరు. ఫోను మోగితే నా చేతికిచ్చేస్తారు. అడిగినదానికి తోచింది ఏదో చెప్పేస్తారు. బంధువులంతా పొగరనుకుంటున్నారు" అంది.

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

మావయ్యా, నీకు వినపడటం లేదు కదూ?

నర్సుని. రోజూ నలుగురి చెవుల్లో, కళ్ళల్లో లైటు వేసి చూసేదాన్ని. నీ విషయం మాత్రం నాకు తట్టలేదు. కాదంటే మళ్ళీ తిట్టు, పడతాను. అవునంటే అవునని ఒక్క ముక్క రాయి.

ప్లేటు వేయించలేదు. కూడలి సంగతి తెలిసి అమ్మ పాత కార్లు కొనేవాడికి కబురు పెట్టింది. వచ్చే నెల మొదట్లో వస్తాడట. ఆవిడ భయం ఆవిడది, తప్పు పట్టలేను. అందుకని ఇలా చేద్దాం. చెవులు నావి, బుర్ర నీది. నేను విన్నది విన్నట్టు రాస్తాను. ఇవాళ పొద్దున్న ఇంజను చల్లగా ఉన్నప్పుడు: గుడగుడ, గుడ... గుడగుడగుడ, గుడ... మధ్యమధ్య ఒక దెబ్బ ఎగిరిపోతోంది. వెక్కివెక్కి ఏడ్చే పిల్ల నడుమ నడుమ ఊపిరి మింగినట్టు. యాక్సిలేటర్ కొంచెం తొక్కితే లోపలెక్కడో "భుస్స్" మని, వెనక నల్లగా ఒక ముద్ద పొగ. బాగా తొక్కితే "ఝుమ్" మని సాఫీగా ఎత్తుకుంటుంది. వదలగానే మళ్ళీ వెక్కిళ్ళు.

ఇంకేం వినాలో అడుగు.

పిడుగు


జూలై 16

చిరంజీవి పిడుగుకి,

అవునే.

ఈ ముక్క రాసి కలం కింద పెట్టి, వరండాలో కాసేపు తిరిగొచ్చాను. మీ అత్తయ్యకి కూడా ఇంతవరకు నోరు తెరిచి చెప్పలేదు. ఆవిడకి సగం తెలుసు. మిగతా సగం నా పరువు కోసం తెలియనట్టు ఉంటోంది. ఇక్కడ అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి బండి నడిచిపోతోంది.

ముందు ఎడమ చెవి పోయింది. తరవాత కుడి చెవిలో కీచురాయి దూరినట్టు ఒకటే రొద. రేకుల షెడ్డులో అంతకాలం ఇంజన్ల మీద తల పెట్టుకుని బతికినందుకు అది నాకు దక్కిన బహుమానం. సర్దుకుపోవచ్చనుకున్నాను. ఒక రోజు డాక్టరుగారి బండి చూసి, తాళం తిప్పాను. ఇంజను అప్పటికే నడుస్తోంది. నడుస్తున్న ఇంజను మీద మళ్ళీ తాళం తిప్పితే స్టార్టరు పళ్ళు ఎలా అరుస్తాయో నీకు తెలుసు. నాకు వినపడలేదు. ఎదురుగా నిలబడ్డ డాక్టరుగారి ముఖం చూసి తెలుసుకున్నాను. ఆయనేం అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ నెలలోనే మీ అత్తయ్యకి ఈ ఉద్యోగం వచ్చింది. "ఆవిడ కోసం వెళ్తున్నాను" అని షెడ్డు మూసేశాను. భార్య కోసం షెడ్డునే వదులుకున్నాడని వీధంతా మెచ్చుకుంది. ఆవిడైతే ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంది. ఆ పేరు కూడా ఉత్తినే కొట్టేశాను.

నీ ఉత్తరంలో ఆ గుడగుడ ఉంది చూశావా, దాన్ని పైకి చదివాను. రెండోసారి చదివేటప్పుడు దెబ్బ ఎగిరిపోయే చోట ఆగాను. దొరసాని వచ్చి నా గదిలో నిలబడినట్టయింది. ఎన్నాళ్ళయిందే నేను ఒక ఇంజను విని!

ఇక పనిలోకొద్దాం. స్కానరు చెప్పింది నిజమేననిపిస్తోంది. ఇంజను వదిలే పొగలో కొంత మళ్ళీ ఇంజను నోట్లోకే పంపే చిన్న తలుపొకటుంటుంది. అదే ఆ వాల్వు. లోపలి మంట మరీ వేడెక్కకుండా, బయటి గాలి పాడవకుండా చేసిన ఏర్పాటు. అవసరమైనప్పుడు తెరుచుకోవాలి, లేనప్పుడు మూసుకోవాలి. మసి పేరుకుని నీ తలుపు తెరిచిన చోటే ఇరుక్కుపోయిందని నా అనుమానం. బండి ఊరికే నిలబడ్డప్పుడు ఇంజను పీల్చేదే కాస్త గాలి. అందులోనూ పొగ కలిస్తే వెక్కిళ్ళు రాక ఏం వస్తాయి? వేగంలో గాలి దండిగా వస్తుంది కాబట్టి తట్టుకుంటోంది.

కానీ అనుమానంతో పానా పట్టకూడదు. పరీక్ష చెయ్యి. బానెట్ ఎత్తితే ఇంజను వెనక వైపు రేకు పుట్టగొడుగులాంటిది కనపడుతుంది. దాని నెత్తి మీద సన్నటి రబ్బరు పైపు. ఆ పైపులోంచి ఇంజను గాలి లాగితేనే లోపలి తలుపు లేస్తుంది. పైపు పీకి, పగుళ్ళున్నాయేమో వంచి చూడు. పీకిన పైపు మూతిలో ఒక స్క్రూ దూర్చి మూసెయ్. పుట్టగొడుగుకి వేరే శుభ్రమైన పైపు ముక్క తగిలించి, నోటితో పీల్చి నాలిక అడ్డం పెట్టు. నాలికని పట్టుకుని వదలకపోతే పుట్టగొడుగు లోపలి రబ్బరు పొర బాగున్నట్టే. అప్పుడు ఇంజను వేసి, మళ్ళీ పీల్చి, విను. తలుపు కదులుతుంటే నువ్వు పీల్చినప్పుడు వెక్కిళ్ళు పెరగాలి, వదిలితే తగ్గాలి. పీల్చినా వదిలినా ఒకేలా ఉంటే తలుపు ఇరుక్కున్నట్టు.

ప్లేటు వేస్తే వణుకు ఆగుతుంది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ వదిలే గాలి పీల్చేది నువ్వు తిరిగే సందుల్లోవాళ్ళే. నీ రోగులే. అందుకని నాకు మనసొప్పదు.

విన్నది విన్నట్టు రాయి. తగ్గించకు, పెంచకు.

మావయ్య


జూలై 22

మావయ్యకి,

నేను ఏడవలేదు. కొంచెం ఏడ్చాను, కానీ చేతులకి గ్రీజుంది, కళ్ళు తుడుచుకోలేక ఆపేశాను.

అమ్మకి చెప్పేశాను. నువ్వు చెప్పొద్దనలేదుగా. ఆవిడ కుడుతున్న గుడ్డ వదిలేసింది. "నేను పిలిచినా పలక్కపోతే పెద్దవాడయ్యాడు కదా, బింకం అనుకున్నానే" అంది. తరవాత తనే లేచి చెప్పులేసుకుని, "పద, ఆ పరీక్షేదో చూద్దాం" అని కారు దగ్గరికి నడిచింది.

డ్రైవరు సీట్లో ఆవిణ్ణే కూర్చోబెట్టాను. "అమ్మమన్నదాన్ని నన్నే ఇందులో కూర్చోబెడతావా?" అంది గానీ, తాళం తిప్పిన తీరు చూడాలి! నువ్వు నేర్పావటగా, పెళ్ళికి ముందు, ఎవరిదో లారీ మీద. నాకెవరూ చెప్పలేదు.

పైపుకి పగుళ్ళు లేవు. ఆసుపత్రి నుంచి కొత్త ట్యూబు ముక్క తెచ్చి తగిలించాను. పీల్చి నాలిక పెట్టాను. పట్టేసింది మావయ్యా, పీక్కుంటే "టప్" మని వచ్చింది. అంటే పొర బాగుంది. ఇంజను వేశాం. పైపు పీకే ఉంది, అయినా వెక్కిళ్ళు తగ్గలేదు. పీల్చాను. గుడగుడ, గుడ... అంతే. వదిలాను. అంతే. "ఏమైనా తేడా ఉందా?" అని అమ్మని అడిగాను. "నువ్వు దాని మీద వాలి గొట్టం పీలుస్తుంటే ఎదురింటివాళ్ళు చూస్తున్నారు, అదొక్కటే తేడా" అంది.

తలుపు ఇరుక్కుంది. తెరిచే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

ఇంకొకటి. మా ఆసుపత్రిలో చెవుల డాక్టరున్నారు. నువ్వు వస్తే...

సరే, తరవాత మాట్లాడదాం.

పిడుగు


జూలై 27

చిరంజీవి పిడుగుకి,

చెవుల సంగతి ఎత్తకు. వాల్వు సంగతే రాస్తాను.

ఇంజను పూర్తిగా చల్లారాక మొదలుపెట్టు. రెండు బోల్టులుంటాయి. వేడికి బిగుసుకుని మొండికేస్తాయి. బలం చూపించకు. నూనె వేసి, టీ తాగి రా. మళ్ళీ నూనె వేసి, ఇంకో టీ తాగి రా. అప్పుడు కదులుతాయి. వాల్వు ఊడొచ్చాక, ఇంజను వైపు తెరుచుకున్న రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కు, మసి లోపల పడకుండా. బిగించేముందు ఆ గుడ్డ తీయటం మర్చిపోయావో, దొరసానితో నీ రుణం తీరినట్టే.

మసి చెక్కపుల్లతో గీకు, ఇనుము వాడకు. కార్బన్ తీసే స్ప్రే కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. ఆ స్ప్రే పైనున్న రబ్బరు పొరకి తగలకూడదు. మధ్యలో మేకులాంటి కడ్డీ ఉంటుంది. అదే తలుపు. వేలితో మెల్లగా ఆడించు. మొదట కదలదు. మసి పోయే కొద్దీ ఒక నూలుపోగంత కదులుతుంది. పూర్తిగా లేచి, వదలగానే తనంతట తను "టక్" మని కూర్చునేదాకా వదలకు. వాల్వుకీ ఇంజనుకీ మధ్యనుండే పాత పేకింగు మళ్ళీ వాడకు.

ఇదంతా చేసినా కుదరకపోతే, ఆ కొనేవాడికి ఇచ్చెయ్. నిజంగానే చెప్తున్నాను. కూడలి మధ్యలో నువ్వు ఆగిపోయావని చదివినప్పట్నుంచీ నాకు అన్నం సయించటం లేదు. ఒక ఇనుప ముక్క మీద నా మమకారం కోసం నువ్వు లారీల మధ్య నిలబడక్కర్లేదు. అక్కయ్య చెప్పింది సబబే.

అక్కయ్యతో చెప్పు, బింకం కాదని.

మావయ్య


ఆగస్టు 5

మావయ్యా!

కూర్చుని చదువు.

ఆదివారం పొద్దున్న మొదలుపెట్టాను. ఒక బోల్టు ఒక టీకి లొంగింది. రెండోది అమ్మ చేత మూడు టీలు పెట్టించింది. వాల్వు బయటికి వచ్చాక చూస్తే, లోపల దారే లేదు. నల్లటి మసి, నూనెతో కలిసి ముద్దై, బండలా పట్టుకుంది. అమ్మ మెడ చాచి చూసి, "ఇంత పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా నడిచిందే తల్లీ" అంది. దొరసానిని ఆవిడ తల్లీ అనటం నేను మొదటిసారి విన్నాను.

గీకాను. రుద్దాను. కడ్డీ కదలదు. వేలు నొప్పెట్టింది. నువ్వు చెప్పావు కాబట్టి బలం చూపించలేదు. మధ్యాహ్నానికి అమ్మ నన్ను లేవమని, తను కూర్చుంది. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, మిషను సూదిలో దారం ఎక్కించినంత నెమ్మదిగా ఆడించింది. నూలుపోగంత కదిలింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. సాయంత్రానికి పూర్తిగా లేచి, వదలగానే "టక్" మని కూర్చుంది. నీ ఉత్తరంలో ఉన్న "టక్" అదేనా అని అమ్మ పదిసార్లు చేసి చూసింది.

పేకింగుకి కళ్ళద్దాలాయన దగ్గరికి వెళ్ళాను. మనం చేసినదంతా విని, డ్రాయరంతా వెతికి సరైనది తీసి, "నేనూ వచ్చి చూడొచ్చా?" అని వచ్చాడు. బిగించేటప్పుడు పక్కనే ఉన్నాడు. "గుడ్డ తీశారా?" అని ఆయనే గుర్తుచేశాడు. తీశాను, ఒట్టు.

అమ్మ తాళం తిప్పింది. ముందు భళ్ళుమని నల్లటి పొగ. దగ్గింది, తుమ్మింది. తరవాత, మావయ్యా, విను: గుడుగుడుగుడుగుడు. ఎక్కడా దెబ్బ ఎగరలేదు. స్టీరింగు మీద చెయ్యి పెడితే, నిద్రపోతున్న పిల్లి పొట్ట మీద పెట్టినట్టుంది. యాక్సిలేటర్ తొక్కితే పొగ లేదు, భుస్సు లేదు. కళ్ళద్దాలాయన స్కానరు పెట్టి తప్పు చెరిపేశాడు. పసుపు బొమ్మ ఆరింది, మళ్ళీ వెలగలేదు.

కొనేవాడు నిన్న వచ్చాడు. అమ్మే గుమ్మంలోకి వెళ్ళింది. "ఏ కారు? మా ఇంట్లో అమ్మే కారేం లేదే" అని తలుపేసింది.

కళ్ళద్దాలాయన ఒక మాట చెప్పాడు. సందుల్లో మెల్లగా తిరగటం వల్లే మసి పట్టిందట. అప్పుడప్పుడూ పెద్ద రోడ్డు మీద దూరం పరిగెత్తించాలట. నాకు తెలిసినవాళ్ళలో దూరంగా ఉన్నది నువ్వే. పన్నెండో తారీకున బయల్దేరుతున్నాం. అమ్మ కూడా వస్తోంది. వద్దని రాసినా అందేలోపు మేము దారిలో ఉంటాం.

పిడుగు


ఆగస్టు 21

చిరంజీవి పిడుగుకి మావయ్య దీవించి రాసేది.

మీరు క్షేమంగా చేరారని మీ అత్తయ్య చెప్పింది. రాక్షసివే నువ్వు. "దొరసానిలో ఒక చుట్టు తిరిగొద్దాం రా మావయ్యా" అని ఎక్కించుకుని, తిన్నగా ఇక్కడి ఆసుపత్రి గేటులో ఆపుతావా? వెనక సీట్లో నాకు అటు అక్కయ్య, ఇటు మీ అత్తయ్య, రెండు తలుపులూ మూసేశారు. ఎక్కడికి దూకను?

ఆ స్పాంజి గోడల గది గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. శబ్దం వినపడితే బొత్తాం నొక్కమన్నారు. వినపడిందో, ఊహించుకున్నానో తెలియక, పరీక్ష తప్పుతానేమోనని తెగ నొక్కాను. ఆ అమ్మాయి బయటికి వచ్చి, "ఇంకా మొదలుపెట్టలేదండీ" అంది. ఎడమది ఇక లేనట్టేనట. కుడిది చెవి మిషను పెడితే పనికొస్తుందట. అది నీకు తెలుసు. నీకు తెలియనిది చెప్తాను.

మిషను పెట్టుకున్నాక మొదట దొరసాని దగ్గరికే వెళ్ళాను కదా, నువ్వు ఇంజను వేసి నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డావు. "బాగుంది" అన్నాను. బాగాలేదే. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. నా దొరసాని గొంతు అది కాదు. రేకుల కింద, వాన చప్పుడులో, నేను పుట్టించిన ఆ గొంతు ఇక నా చెవికి రాదు. మీరు లోపలికి వెళ్ళాక, ఇంజను ఆపకుండానే బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చేతికి మాత్రం పాతదే అందింది. సాఫీగా, ఒక్క దెబ్బ తప్పకుండా. నా చేతుల్లో నడిచినప్పటికంటే బాగా నడుస్తోందే. ఇది మెచ్చుకోలు కోసం రాయటం లేదు.

గొంతు పోయిందని కొంచెం బెంగ పడ్డాను గానీ, వచ్చినవీ ఉన్నాయి. చెంచా కింద పడితే తెలుస్తోంది. నిన్న మీ అత్తయ్య నా వెనక నిలబడి, మామూలు గొంతుతో, "టీ తాగుతారా?" అంది. ఎన్నేళ్ళుగానో అరుస్తూ అడిగిన మాట అది. ఆవిడ అసలు గొంతు ఇంత మెత్తన అని మర్చిపోయాను. షెడ్డు ఎందుకు మూశానో కూడా ఆవిడకి చెప్పేశాను. "తెలుసులెండి" అంది. "అయినా నాకోసం అని చెప్పారుగా, అది నేను వెనక్కివ్వను" అంది.

మీరు బయల్దేరే రోజు అక్కయ్య ముందు సీట్లో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నువ్వు ఇంజను వేసి, కిటికీలోంచి నాతో ఏదో అన్నావు. మిషనుందన్న మాటే గానీ, ఆ రొదలో ఒక్క ముక్క అందలేదు. ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు తలూపేసేవాణ్ణి. ఎవరేమన్నా తలూపటమే. ఎన్ని మాటలకి అలా తలూపి పంపేశానో! ఆ రోజు కూడా తల సగం ఊపాను. మళ్ళీ ఆగి, నాలుగడుగులు వేసి, నీ కిటికీలోకి వంగి, "ఏమన్నావే? నాకు వినపడలేదు" అన్నాను.

నువ్వు ఇంజను ఆపేసి, మళ్ళీ చెప్పావు. "వాన వచ్చేలా ఉంది, లోపలికెళ్ళు మావయ్యా" అని.

అంతే మాట. వెళ్ళలేదులే. మీరు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే తడుస్తూ నిలబడ్డాను. మీ అత్తయ్య వెనక నుంచి కేకలేస్తూనే ఉంది. అన్నీ వినపడ్డాయి.

మావయ్య